మర్యాద చుక్క

తెల్లబంద నివాసం, రసాయనశాల చిట్టా. రాస్తున్నది కర్రి సువర్చల. రోజుల అంకె నేనీ పనిలో చేరిన నాటి నుంచి. ఈ చిట్టాని కమిటీ వారు తీసుకెళ్ళి బీరువాలో పెడతారే తప్ప చదవరు. అందుకని ఉన్నదున్నట్టు రాస్తాను.

1140వ రోజు

చలికి ఒంటిని వెచ్చగా ఉంచే వేడిచుక్క, 86వ బ్యాచి, ఈ రోజు పూర్తయింది. గాజు పళ్ళాల్లో పెంచిన కండ పోగులు పది తీసుకుని, ఒక్కోదాని కొసకి కొక్కెం తగిలించి, ఒక్కో చుక్క వేసి చూశాను. పదీ పద్ధతిగా వెచ్చబడ్డాయి. ఒక్కటీ బిగుసుకోలేదు. సీసాలు అరవై మూడు ఇళ్ళకీ పంపించేశాను.

తరవాత పళ్ళాలు కడిగాను. కడగడానికి ఒక మనిషిని ఇవ్వమని కమిటీకి అర్జీ పెట్టి నూట నలభై రోజులైంది. జవాబుగా, పళ్ళాలు ఎందుకు మాసిపోతున్నాయో నివేదిక ఇమ్మన్నారు. వాడితే మాసిపోతాయండీ అని రాసి పంపాను. 'సవివరంగా' అని దాని మీదే రాసి తిప్పి పంపారు.

మా వదిన సన్యాసమ్మ వచ్చింది. ఇంకో పద్నాలుగు రోజుల్లో కొడుకు పెళ్ళి.

"ఓలమ్మీ సువర్చలా, పెళ్ళికి నాలుగు సీసాలు ఎక్కువ ఇయ్యే. అంతమంది వస్తారు, ఒట్టి చేతుల్తో కూకోబెడతామేటి?"

మనిషికి రోజుకి మూడు చుక్కలు, ఎవరి డోసు వాళ్ళ పుస్తకంలో రాసుకోవాలి, పెళ్ళికని ఎక్కువ ఇవ్వడం కుదరదు అన్నాను. అన్నగారి పెళ్ళాం అడిగినా నీకు లెక్కలేదు అని వెళ్ళిపోయింది. నాకు లెక్క ఉంది గనకే ఇవ్వలేదని ఆవిడకి ఎప్పటికి అర్థమవుతుందో!

1141వ రోజు

గవరయ్య పడిపోయాడు.

ఇళ్ళకి వేడినీళ్ళు తెచ్చే గొట్టాల కీళ్ళు చూసేది గవరయ్య. పోయిన నెల మూడో వరసలో గొట్టం పగిలాక కమిటీ ఒక ఉత్తర్వు తీసింది. నెలకోసారి చూసే కీళ్ళని ఈ వారం నుంచి నాలుగు రోజులకోసారి చూడాలట. చూసేది మాత్రం ఆ ఒక్క మనిషే. అరవై దాటిన వాడు, పొద్దున్నే సంచీ భుజాన వేసుకుని పదీ పదిహేను ఇళ్ళు తిరిగి, సాయంత్రానికి మా రసాయనశాలకి వస్తాడు. పనిముట్లు పెట్టుకునే గది మా పక్కనే. ఈ రోజూ వచ్చాడు, కీలు చూశాడు, పగిలిన గొట్టం కబుర్లు చెప్పి వెళ్ళాడు. పావుగంటకి పెద్ద చప్పుడైంది. వెళ్ళి చూస్తే తన గది గుమ్మంలో కొయ్యలా పడున్నాడు. దవడ బిగిసిపోయింది. ఒళ్ళు పెనంలా కాలుతోంది.

డాక్టర్ షాహీన్ పరుగెత్తుకొచ్చి, వేడిచుక్కకి విరుగుడు, మూతమందు ఎక్కించింది. నివాసం మొత్తానికి ఆ మందు నాలుగు బుడ్లే ఉన్నాయి, ఇప్పుడు మూడు. సరుకుల నావ రావడానికి ఇంకా డెబ్బై రోజులుంది.

1142వ రోజు

గవరయ్యకి జ్వరం దిగింది. మాట ఇంకా రాలేదు. కాళ్ళు కదపలేకపోతున్నాడు. మూత్రం ఎర్రగా వస్తోంది, మూత్రపిండాలు దెబ్బతిన్నాయేమోనని షాహీన్ భయపడుతోంది.

ఆయన చుక్కల పుస్తకం తెప్పించి చూశాను. ఎంత ముచ్చటైన దస్తూరీ! రోజుకి మూడు, మూడే. పడిపోయిన రోజు మాత్రం రెండు, రాత్రిది ఇంకా వేసుకోలేదు.

కాబట్టి తప్పు బ్యాచిదే అన్నాడు కమిటీ అధ్యక్షుడు ధర్మారావు. అసలు వేడిచుక్క ఏం చేస్తుందో కాగితం మీద రాసిమ్మన్నాడు. ఇది ఐదోసారి రాయడం. కండ కణంలో కాల్షియానికి ఒక కొట్టుగది ఉంటుంది. దాని తలుపు తెరిస్తే కాల్షియం బయటికొచ్చి కండ బిగుస్తుంది. మళ్ళీ లోపలికి తోడుకుంటే వదులవుతుంది. వేడిచుక్క చేసేదల్లా ఆ తలుపుని ఓరగా తీసి పట్టుకోవడమే. కాల్షియం కొంచెం కొంచెం కారుతుంటుంది, కణం తోడుతూనే ఉంటుంది, ఆ శ్రమకి ఒళ్ళు వెచ్చబడుతుంది. నాలుగు డిగ్రీల ఇళ్ళలో మనం బతుకుతున్నది ఆ వెచ్చదనంతోనే. చుక్కలు మితిమీరితే తలుపు బార్లా తెరుచుకుంటుంది. ముందు దవడ, తరవాత కాళ్ళూ చేతులూ, ఆఖరికి గుండె. మూతమందు ఆ తలుపుని మూస్తుంది. ఇంతే.

"అంటే మీ తలుపు సరిగ్గా లేదన్నమాట" అన్నాడు ధర్మారావు.

నా తలుపు కాదండీ, గవరయ్య తలుపు అన్నాను. రాసుకున్నాడు.

1144వ రోజు

నిన్న ఇరవై పోగులు, ఈ రోజు ముప్పై. ఒక్కటీ తేడాగా లేదు. ఫలితాలు తీసుకెళ్ళి ఇస్తే ధర్మారావు చూడకుండానే "ఇంకోసారి చూడండి" అన్నాడు. తేడా దొరికేదాకా చూడమంటే, దొరకనప్పుడు ఏం చెయ్యాలో కూడా సెలవియ్యమన్నాను.

సాయంత్రం, నీళ్ళ వాటాలు రాయడానికి ఇల్లిల్లూ తిరిగే మంగవేణికి దవడ బిగిసింది. గవరయ్యంత కాదు గాని జ్వరం మాత్రం గట్టిగానే వచ్చింది. రెండో బుడ్డి వాడారు. ఆమె పుస్తకంలోనూ రోజుకి మూడే.

కమిటీ అప్పటికప్పుడు తీర్మానం చేసింది: 86వ బ్యాచి మొత్తం 1149వ రోజున పారబొయ్యాలి.

పారబోస్తే ఏమవుతుందో లెక్క రాసి చూపించాను. పాత బ్యాచి మిగిలింది రెండు రోజులకి సరిపోతుంది. కొత్తది తయారవ్వడానికి పదకొండు రోజులు. మధ్యలో తొమ్మిది రోజులు తెల్లబందలో ఎవరికీ చుక్క ఉండదు. ఎనభై దాటినవాళ్ళు పంతొమ్మిది మంది ఉన్నారు. వాళ్ళలో సగం మందికి నాలుగో రోజు గడవదు.

"దుప్పట్లు పంచుతాం" అన్నాడు ధర్మారావు.

నాకు కోపంతో చెవులు వేడెక్కాయి. చుక్క అవసరం లేకుండా వెచ్చబడ్డ మొదటి మనిషిని నేనే అయ్యుంటాను.

1146వ రోజు

గవరయ్యకి మాట వచ్చింది. మంచం పక్కన కూర్చున్నాను. ఏం తిన్నావు, ఏం తాగావు, ఎక్కడ కూర్చున్నావు అని గంటసేపు ప్రాణం తీశాను.

"నానేటీ తిన్లేదమ్మా. ఎప్పుడూ తినీదే తిన్నాను."

సరే, పడిపోయిన రోజు పొద్దున్న ఇంట్లోంచి బయల్దేరిన దగ్గర్నుంచి వరసగా చెప్పు అన్నాను.

"ముందు చిట్టెమ్మోలింటికి ఎల్లాను. కీలు సూశాను. కూకోమన్నారు. సుక్కిచ్చారు. తర్వాత పక్కింటికెల్లాను. ఆల్లూ కూకోమన్నారు, సుక్క..."

"ఆగు. ఏమిచ్చారు?"

"సుక్కమ్మా. సలిలో వచ్చినోడికి నాలిక మీద ఒక సుక్క ఎయ్యరేటి?"

"నీ పుస్తకంలో లేదే!"

గవరయ్య నన్ను జాలిగా చూశాడు. "అది మందు కాదు గదమ్మా. మర్యాద. మర్యాదని పుస్తకంలో ఎవులు రాసుకుంటారు?"

నేను ఈ ఊళ్ళో పుట్టినదాన్నే. గుమ్మంలోకి వచ్చినవాళ్ళకి చుక్క వెయ్యకపోతే మా అమ్మ తిట్టేది. వద్దంటే ఇంటివాళ్ళని అవమానించినట్టు. ఇన్ని రోజులు కండ పోగులకి కొక్కేలు తగిలించుకుంటూ కూర్చున్నానే గాని, ఆ సంగతి ఒక్కసారి బుర్రకి తట్టలేదు. నాకూ అది మందులా కనపడలేదు. నెలకోసారి తిరిగినప్పుడు రోజుకి రెండో మూడో ఇళ్ళు, ఏమీ కాలేదు. కమిటీ ఉత్తర్వు పుణ్యమా అని రోజుకి పద్నాలుగు గుమ్మాలు.

వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టాడు. పదమూడు ఇళ్ళు వచ్చాయి. పద్నాలుగోది ఏదని అడిగాను.

"ఆఖర్న మీ కాడికే వచ్చాను గదమ్మా. మీరూ ఇచ్చారు."

ఇచ్చాను. ఆయన పగిలిన గొట్టం కబుర్లు చెబుతుంటే వింటూ, బల్ల మీది సీసా అందుకుని, నాలుక మీద వేశాను. ఆ రోజు చిట్టాలో కీలు చూశాడని రాశాను, కబుర్లు చెప్పాడని రాశాను, చుక్క సంగతి రాయలేదు. చుక్కల పుస్తకాలు సరిగ్గా రాయడం లేదని నివాసం మొత్తాన్ని వెయ్యిరోజులుగా సాధిస్తున్న మనిషిని నేను.

1148వ రోజు

మధ్యాహ్నం సభ. అందరూ వచ్చారు. చెప్పాను. ఒక్కరూ ఒప్పుకోలేదు.

"మేమిచ్చింది ఒక్క సుక్కే!"

"ఒక్క సుక్కకి మనిసి పడిపోతాడేటి?"

"మా యింటి సుక్కేటి, ఇసమా?"

నిజమే, అందరిదీ ఒక్కటే చుక్క. ఆ ఒక్కటీ ఎవరిదీ కాదు. ఒకటీ ఒకటీ కలిపితే రెండవుతుందని పెద్దవాళ్ళకి గొంతు పోయేలా చెప్పవలసి వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. ధర్మారావైతే మర్యాదకీ మందుకీ సంబంధం నిరూపించమన్నాడు. నిరూపించకపోతే రేపు పారబోత ఖాయం.

ఇక విసుగొచ్చి, ఉన్నవాటిలో లావుపాటి కండ పోగుని పళ్ళెంతో సహా తెచ్చి బల్ల మీద పెట్టాను. "ఇది గవరయ్య అనుకోండి" అన్నాను. పొద్దుటి డోసు, మధ్యాహ్నం డోసు అని రెండు చుక్కలు వేశాను. "ఇది ఆ సాయంత్రం నేనిచ్చింది" అని ఇంకోటి వేశాను. "ఇప్పుడు ఆ పదమూడు ఇళ్ళవాళ్ళూ మీ సీసాలతో రండి. ఇంటికి వచ్చినవాడికి ఎలా ఇస్తారో అలా ఒక్కొక్క చుక్క వెయ్యండి."

గొణుక్కుంటూనే వరసలో నిలబడ్డారు. చిట్టెమ్మ వేసింది. రెండో ఇల్లు, మూడో ఇల్లు. నవ్వులాటగా ఉంది. ఆరో ఇంటికి పోగు చిన్నగా వణికింది. నవ్వులు తగ్గాయి. తొమ్మిదో ఇంటాయన చుక్క వేసి చెయ్యి వెనక్కి తీసుకునేలోపు పోగు ఒక్కసారి ముడుచుకుపోయి, ఉక్కు కొక్కేన్ని వంచేసి, తెగిపోయింది.

ఇంకా నలుగురు సీసాలు పట్టుకుని వరసలో ఉన్నారు. ఒక్కొక్కరే మూతలు పెట్టేసుకున్నారు. ధర్మారావు తీర్మానం కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. బ్యాచి దక్కింది.

ఇంత జరిగినా ముందు వరసలో మా వదిన మాత్రం ఒడిలో కుంకుమ భరిణె పెట్టుకుని, పెదవి విప్పకుండా నన్నే చూస్తోంది. సీసాలు ఇవ్వలేదని ఇంకా అలకేనా, అందరి ముందూ ఇలా మొహం పెట్టాలా అని నాకు ఒళ్ళు మండింది. దగ్గరికెళ్ళి "ఇప్పుడైనా ఏదో ఒకటి అను వదినా" అన్నాను.

అనలేకపోయింది. దవడ బిగిసి ఉంది.

పొద్దున్నించీ పెళ్ళి పిలుపులకి తిరిగిందట. ఇల్లిల్లూ వెళ్ళి బొట్టు పెట్టి పిలిచింది. ఇరవై రెండు ఇళ్ళు. పెళ్ళివారి మనిషికి చుక్క ఇవ్వని ఇల్లు ఉంటుందా?

1149వ రోజు

వదినకి మిగిలిన రెండు బుడ్లూ పట్టాయి. తెల్లారాక కళ్ళు తెరిచింది. దవడ వదులవగానే అన్న మొదటి మాట, "నలభై యొక్క ఇల్లు మిగిలిపోనాయే."

ఏడవాలో తిట్టాలో తెలియక రెండూ చేశాను.

ఇప్పుడు మూతమందు లేదు. నావ రావడానికి అరవై రెండు రోజులు. ఇక ఎవరికి దవడ బిగిసినా చూస్తూ కూర్చోవడమే. మర్యాద చుక్కని పూర్తిగా మానెయ్యాలని నేనూ షాహీన్ పట్టుబట్టాం. పూర్తిగా అంటే జనం నొచ్చుకుంటారన్నాడు ధర్మారావు. ఏదో ఒక అంకె చెప్పమన్నాడు. గవరయ్య పడిపోయింది పదహారు చుక్కలకి: డోసులు రెండు, మర్యాదలు పద్నాలుగు. అందులో సగం, ఎనిమిది దాకా ప్రాణభయం లేదు అన్నాను. బోర్డు మీద రాయించారు: 'రోజుకి డోసు మూడు, మర్యాద ఐదు. మించరాదు.'

ఆ అంకె నాదే.

1152వ రోజు

మిగిలిన పిలుపులు నా మెడకి చుట్టుకున్నాయి. భరిణె పట్టుకుని మూడు రోజులుగా తిరుగుతున్నాను. ప్రతి గుమ్మంలోనూ వద్దండీ, వద్దమ్మా, వద్దు బాబూ. నలభై సార్లు. చిట్టెమ్మ అయితే "అయిదు దాకా తప్పు లేదని బోర్డు మీద నువ్వే రాయించావు గదా, మా యింటిది పనికిరాదా?" అని తలుపేసుకుంది.

ఆఖరిది గవరయ్య ఇల్లు. మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. మూత్రపిండాలు సగమే పనిచేస్తున్నాయి. నన్ను చూసి మొహమంతా నవ్వాడు. భార్య పైడమ్మకి బొట్టు పెట్టి పెళ్ళికి పిలిచాను. చుక్క తెమ్మని ఆవిడకి సైగ చేశాడు. వద్దన్నాను.

"పోన్లెండమ్మా. మా యింటిది మీకేటి ఆనుద్దిలే. మీ కాడిది సిక్కటిది."

చిక్కటిదేమిటని అడిగాను.

"ఇల్లల్లో సుక్కకి సగం నీల్లు కలుపుతారమ్మా. వచ్చినోడికల్లా ఇయ్యాల గదా, సీసా ఎక్కడ చాలుద్ది? అందరూ అంతే, మేమూ అంతే. మీ ఒక్కరిదే నీల్లు లేనిది. నాలిక మీద పడితే కాలి గోరు దాకా ఎచ్చగుంటాది. అందుకేనమ్మా మీ కాడికి ఆఖర్నొస్తాను. దాచుకుని వస్తాను."

ఎంత ఇష్టంగా చెప్పాడో! నేను వేళ్ళు మడుస్తూ మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను.

సభలో పదిమంది చూస్తున్నారని పరువు కోసం అందరూ అసలు చుక్కలే వేశారు. నేను వాటినే నమ్మి లెక్క కట్టాను. ఇళ్ళలో ఇచ్చినవి సగం చుక్కలు. పదమూడు సగాలంటే ఆరున్నర. డోసులు రెండు. నాది నిండు చుక్క ఒకటి. గవరయ్య పడిపోయింది పదహారుకి కాదు, పది కూడా నిండలేదు. అందులో సగం ఐదు కూడా కాదు, ఎనిమిది దాకా భయం లేదని నేను బోర్డెక్కించాను. పెళ్ళి ఎల్లుండి. ఊరంతా ఒకచోట చేరుతుంది, ఒకరికొకరు ఐదేసి ఇచ్చుకోవచ్చని కమిటీ ముద్రతో సహా రాసుంది, పెళ్ళి నాడు నీళ్ళు కలిపినవి ఎవరూ ఇవ్వరు. బుడ్డి ఒక్కటి కూడా లేదు.

గవరయ్యకి అంతా చెప్పాను. రేపు పొద్దున్న అందరి ముందూ ఈ మాట చెప్పాలి అన్నాను.

నవ్వు పోయింది. "ఏ మాట?"

"నీళ్ళు కలుపుతారన్న మాట."

"అదెలా సెప్తానమ్మా? ఆల్ల ఇల్లల్లో కూకున్నాను. ఆల్ల సుక్క తిన్నాను. నీల్లు కలిపి పోశారని పదిమందిలో అంటే ఆల్ల పరువేటవుద్ది? నన్ను ఇంక గుమ్మం ఎక్కనిస్తారా?"

"చెప్పకపోతే మనుషులు పోతారు గవరయ్యా."

"ఒగ్గీండమ్మా. నానేదో ఇదిగా అన్నాను. మీరు మరిసిపోండి."

అరగంట బతిమాలాను. తిట్టాను. దణ్ణం పెట్టాను. చెప్పనన్నాడు. ఆఖరికి పైడమ్మనడిగి ఆయన చుక్కల పుస్తకం తీసుకుని, 1141వ రోజు కింద నేనే రాశాను: 'పదమూడు ఇళ్ళలో సగం నీళ్ళ చుక్కలు. రసాయనశాలలో నిండు చుక్క ఒకటి, ఇచ్చినది కర్రి సువర్చల.' పుస్తకం ఆయన ముందు పెట్టాను. చదువుకున్నాడు.

"కొట్టీండమ్మా" అన్నాడు.

కొట్టెయ్యనన్నాను. గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఎంతసేపు కూర్చున్నా ఇటు తిరగలేదు.

1153వ రోజు

పొద్దున్నే బోర్డు మీద ఐదు తుడిచేసి, మర్యాద చుక్క ఒక్కటి కూడా వద్దు అని రాశాను. కారణం కింద రాశాను. పేర్లు రాయలేదు, నాది తప్ప. అయినా అరవై మూడు ఇళ్ళవాళ్ళకీ అది ఎవరి గురించో తెలుసు. మధ్యాహ్నానికల్లా నా గుమ్మం ముందు ఎవరో బూడిద నీళ్ళు పోసి వెళ్ళారు, గడ్డకట్టింది. ధర్మారావు వచ్చి, ఇంత మోటుగా రాయాలా, 'పలచన' అంటే సరిపోయేది కదా అన్నాడు. పలచన అంటే మీరు సవివరంగా రాయమంటారు అన్నాను.

1154వ రోజు

పెళ్ళి అయింది. వదినని ఇద్దరు పట్టుకుని నడిపించారు. పిలిచిన అన్ని ఇళ్ళవాళ్ళూ వచ్చారు. ఒక్క సీసా కూడా బయటికి రాలేదు. అందరూ చేతులు చంకల్లో పెట్టుకుని, పళ్ళు కొట్టుకుంటూ, అక్షింతలు వేసి కూర్చున్నారు. గవరయ్య కర్ర పట్టుకుని వచ్చాడు. నా పక్కన చోటు ఖాళీగా ఉంది. చూసి, అవతలి వరసలోకి వెళ్ళాడు.

నన్ను కూర్చోమని ఎవరూ అనలేదు. భోజనం చేశావా అని ఎవరూ అడగలేదు. వదిన ఒక్కతే దూరం నుంచి చూసి కళ్ళు తుడుచుకుంది. నేను గోడకి ఆనుకుని, తలంబ్రాల దగ్గర్నుంచి అప్పగింతల దాకా, ఒక్కొక్కరి దవడా చూస్తూ నిలబడ్డాను. అందరూ మాట్లాడుతూనే ఉన్నారు. నాతో తప్ప.